ఇంటి వైఫై: ఒక కనెక్షన్, పలు పరికరాలు

ఇంట్లోకి వచ్చే ఒకే ఇంటర్నెట్ కనెక్షన్‌ను ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్, ప్రింటర్, సీసీ కెమెరా వంటి పలు పరికరాలకు రేడియో తరంగాల ద్వారా పంచే ఏర్పాటును ఇంటి వైర్‌లెస్ నెట్‌వర్క్ అంటారు. వాడుకలో దీని పేరు వైఫై. పంచే పెట్టెను కొందరు రౌటర్ అంటారు, కొందరు వైఫై బాక్స్ అంటారు, ఊళ్లలో చాలామంది నెట్ బాక్స్ అంటారు. నెలనెలా డబ్బు కట్టి బయటి నుంచి ఎంత వేగం కొన్నామన్నది ఒక లెక్క. ఆ వేగంలో ఇంట్లో ఏ గదికి, ఏ పరికరానికి ఎంత అందుతుందన్నది వేరే లెక్క. ఈ వ్యాసం ఎక్కువగా రెండో లెక్కకు సంబంధించింది.

ఉదాహరణలు ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతానివి. విజయవాడ–హైదరాబాద్ జాతీయ రహదారి మీద కంచికచర్ల మండలంలో ఉన్న పరిటాల, ఆపైన నందిగామ, జగ్గయ్యపేట 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి.

పుట్టుక

తీగ లేకుండా కంప్యూటర్ల మధ్య సమాచారం పంపిన తొలి ప్రయత్నాల్లో ముఖ్యమైనది హవాయి విశ్వవిద్యాలయం 1971లో నడిపిన అలోహానెట్. దీవుల మధ్య తీగలు వేయడం కష్టమై రేడియోను ఆశ్రయించారు. 1985లో అమెరికా ప్రభుత్వం కొన్ని రేడియో పట్టీలను లైసెన్సు లేకుండా వాడుకోనివ్వడంతో వైఫైకి దారి పడింది. గోడలకు తగిలి వెనక్కి వచ్చే తరంగాలు అసలు సంకేతాన్ని చెడగొట్టకుండా చూసే పద్ధతికి ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ 1996లో అమెరికా పేటెంటు పొందింది. పలు యాంటెన్నాలతో ఒకేసారి పలు ధారలు పంపే పద్ధతికి పునాది వేసినవారిలో స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన భారతీయ శాస్త్రవేత్త ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ ఒకరు.

ఐఈఈఈ సంస్థ 802.11 అనే ప్రమాణాన్ని 1997లో ప్రకటించింది. అప్పటి గరిష్ఠ వేగం 2 ఎంబీపీఎస్. 1999లో 11 ఎంబీపీఎస్ ప్రమాణం వచ్చింది, వైఫై అనే పేరూ ఆ ఏడే పుట్టింది. తర్వాతి మెట్లు ఇవి: 2003లో 54 ఎంబీపీఎస్, 2009లో వైఫై 4, 2013లో వైఫై 5, 2021లో వైఫై 6, 2024లో వైఫై 7. కొత్త రౌటర్ పాత పరికరాలనూ కలుపుకుంటుంది, కానీ పాత ఫోనుకు కొత్త వేగం రాదు.

భారతదేశంలో ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా అందింది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని కేంద్రం 2005 జనవరిలో ప్రకటించింది. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ పట్టీలో 605 మెగాహెర్ట్జ్ మేర తెరిచింది. ఇంట్లో రౌటర్ పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోవడానికి ఈ ఉత్తర్వులే కారణం.

ఇంటిదాకా వచ్చే దారి

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015లో ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్‌ను నెలకొల్పింది. నేల తవ్వి తీగ పాతడానికి ఖర్చూ కాలమూ ఎక్కువ పడతాయని ఈ సంస్థ ఫైబర్‌ను ఉన్న కరెంటు స్తంభాల మీదుగానే లాగింది. 2016 డిసెంబరులో అప్పటి తూర్పు గోదావరి, నేటి కోనసీమ జిల్లాలోని మోరి గ్రామంలో ఇంటింటికీ ఫైబర్ కనెక్షన్ ఇచ్చి ప్రయోగం ప్రారంభించారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడి సచివాలయంలో ఫైబర్ గ్రిడ్‌ను జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, 250 టీవీ చానెళ్లు, ఫోను అనేది నాటి ఆకర్షణ. తెలంగాణలో టీ ఫైబర్ మరో దారి పట్టింది. మిషన్ భగీరథ మంచినీటి గొట్టాల కోసం తవ్విన కాలువల్లోనే ఫైబర్ గొట్టాలనూ వేశారు. బీఎస్ఎన్ఎల్, ప్రైవేటు సంస్థలు కూడా రెండు రాష్ట్రాల్లోనూ ఫైబర్ కనెక్షన్లు ఇస్తున్నాయి. ఊళ్లలో వాటిని ఇంటికి చేర్చేది చాలాచోట్ల పాత కేబుల్ టీవీ ఆపరేటరే.

ఈ కనెక్షన్ల వెనక జీపాన్ అనే పద్ధతి ఉంటుంది. ఆపరేటర్ దగ్గర ఒక ఫైబర్ మీద సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు కిందికి, 1.25 గిగాబిట్లు పైకి పోతాయి. స్తంభం మీది స్ప్లిటర్ ఆ కాంతిని 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుస్తుంది. అంటే పంపకం ఇంటి బయటే మొదలవుతుంది. కాంతి ఇంట్లోని పెట్టెకు చేరి విద్యుత్ సంకేతంగా మారుతుంది. పెట్టె మీద ఎల్ఓఎస్ అన్న చోట ఎర్ర దీపం వెలిగితే కాంతి రావడం లేదని అర్థం. ఎత్తు లోడు లారీ తగిలో, గాలివానకో తీగ తెగి ఉంటుంది, లేదా ఇంట్లో ఫైబర్ తీగను మూలన మడత పెట్టి ఉంటారు. గాజు పోగు గుండ్రంగా తిరుగుతుంది కానీ మడత పడితే కాంతి బయటికి జారిపోతుంది. ఈ దీపం ఎర్రగా ఉన్నప్పుడు ఫోనులో ఏం మార్చినా ప్రయోజనం లేదు.

ఒక పరికరం ఎలా జతపడుతుంది

వైఫైకి ఒక పరికరం కలవడం నాలుగు అంచెల్లో జరుగుతుంది. ఎక్కడ ఆగిందో తెలిస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది.

మొదటిది పేరు కనపడడం. రౌటర్ సెకనుకు దాదాపు పదిసార్లు తన పేరును గాలిలో చాటుతుంది. పేరే కనపడకపోతే పరికరం దూరంగానైనా ఉండాలి, లేదా రౌటర్ వాడే పట్టీ దానికి తెలియకనైనా ఉండాలి. చౌక స్మార్ట్ ప్లగ్గులు, చాలా సీసీ కెమెరాలు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి.

రెండోది పాస్‌వర్డ్ సరిచూసుకోవడం. పాస్‌వర్డ్ గాలిలో పోదు. రెండు వైపులా దాని నుంచి లెక్కగట్టిన తాళాలు సరిపోతున్నాయో లేదో చూసుకుంటాయి. ఆథెంటికేషన్ ఎర్రర్ అని వస్తే లోపం సాధారణంగా పాస్‌వర్డ్‌లోనే ఉంటుంది.

మూడోది చిరునామా అందుకోవడం. రౌటర్ ప్రతి పరికరానికి సాధారణంగా 192.168తో మొదలయ్యే అంకెల చిరునామా ఒకటి ఇస్తుంది. ఇళ్లలో, ఆఫీసుల్లో లోలోపల వాడుకోవడానికని 1996లో ప్రత్యేకించి పక్కన పెట్టిన చిరునామాలివి. అందుకే పరిటాలలో ఒక టీవీకి, జగ్గయ్యపేటలో మరో ఫోనుకు ఒకే అంకె ఉన్నా గొడవ రాదు. ఐపీ అడ్రస్ తెచ్చుకుంటున్నాను అంటూ ఫోను అక్కడే తిరుగుతుంటే చిక్కు ఈ అంచెలో ఉంది. రౌటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేస్తే చాలాసార్లు తీరుతుంది.

నాలుగోది బయటికి దారి. వైఫై కలిసింది కానీ ఇంటర్నెట్ లేదు అని వస్తే ఇంటి లోపల అంతా సవ్యంగా ఉన్నట్టే. లోపం ఫైబర్‌లోనో, ఆపరేటర్ దగ్గరో, కట్టని బిల్లులోనో ఉంటుంది.

అమెరికాలో ఉన్న పిల్లలు నందిగామలో తల్లిదండ్రుల ఇంటి కెమెరా చూసుకోవడంలో ఇంకో మలుపుంది. చిరునామాల కొరత వల్ల చాలా కంపెనీలు వందలాది ఇళ్లకు కలిపి ఒకే బయటి చిరునామా వాడతాయి. అందువల్ల బయటి నుంచి నేరుగా ఇంటి కెమెరాను పిలవడం కుదరదు. కెమెరాయే తన తయారీదారు సర్వర్‌కు ఫోను చేసినట్టు కలిసి ఉంటుంది, పిల్లల ఫోను ఆ సర్వర్ ద్వారా చూస్తుంది. అంటే ఇంటి వాకిలి దృశ్యం మరో చోటి కంప్యూటర్ మీదుగా వెళుతోంది. ఏ కంపెనీ కెమెరా కొన్నామన్నది ముఖ్యం కావడానికి ఇదొక కారణం. సీసీ కెమెరాలకు భద్రత పరీక్షలను కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేసింది.

గాలిలో వంతులు

తీగ మీద ఒకేసారి ఇటూ అటూ మాట్లాడవచ్చు. వైఫైలో ఒక చానెల్ మీద ఒక సమయంలో ఒకరే మాట్లాడాలి. ప్రతి పరికరం ముందు చెవొగ్గి వింటుంది, ఎవరూ మాట్లాడకపోతే కొన్ని మైక్రోసెకన్లు ఆగి పంపుతుంది, అందినట్టు జవాబు రాకపోతే మళ్లీ పంపుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు చివర సేద్యం చేసే నందిగామ, జగ్గయ్యపేట రైతులకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. నీళ్లు తక్కువైనప్పుడు వంతుల వారీగా వదులుతారు, ఒకరి మడి తడిసేదాకా మరొకరు ఆగుతారు.

పోలిక ఇంకో అడుగు ముందుకు కూడా వెళుతుంది. బోదె పూడిన రైతు తన పొలం తడుపుకోవడానికి ఎక్కువ సేపు తీసుకుంటాడు, వెనక ఉన్నవారందరూ ఆగాలి. అలాగే దూరపు గదిలో బలహీనమైన సిగ్నల్ మీద ఉన్న ఫోను అదే సమాచారం తీసుకోవడానికి దగ్గరి ఫోను కంటే పది రెట్ల సమయం పట్టించవచ్చు. ఆ సమయంలో హాల్లో రౌటర్ పక్కనే ఉన్న టీవీ కూడా ఆగుతుంది. ఒక్క మూలన ఉన్న కెమెరా వల్ల ఇల్లంతా నెమ్మదించడం వెనక ఉన్న కారణం ఇదే. పరికరాల సంఖ్య కన్నా వాటిలో బలహీనంగా కలిసినవి ఎన్ని అన్నదే ఎక్కువ లెక్కకు వస్తుంది. వైఫై 6 ఒక చానెల్‌ను చిన్న పాయలుగా చీల్చి ఒకేసారి పలువురికి ఇవ్వగలదు. దానివల్ల లాభం పొందాలంటే రౌటరూ ఫోనూ రెండూ ఆ తరానివి కావాలి.

వేగం లెక్క సులువు. హెచ్‌డీ సినిమాకు దాదాపు 5 ఎంబీపీఎస్, 4కే సినిమాకు 15 నుంచి 25 ఎంబీపీఎస్ సరిపోతుంది. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ ఒక కుటుంబానికి మామూలుగా చాలినంత. ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తేనే మెగాబైట్లు వస్తాయి, కాబట్టి 100 ఎంబీపీఎస్ మీద సెకనుకు 12 మెగాబైట్ల డౌన్‌లోడ్ కనపడితే కంపెనీ మోసం చేసినట్టు కాదు.

రెండు పట్టీలు, గోడలు

2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ తరంగం 6 సెంటీమీటర్లు. పొడవాటి తరంగం గోడలు దాటి దూరం పోతుంది, కానీ ఆ పట్టీ ఇరుకు. అందులో ఒకదాన్ని ఒకటి తాకని చానెళ్లు 1, 6, 11 మూడే. పక్కింటి రౌటర్, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఆ ఇరుకులోనే ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ పట్టీ వెడల్పు, వేగం ఎక్కువ, దూరం తక్కువ. టీవీ, ల్యాప్‌టాప్, కొత్త ఫోన్లను 5 మీద, కెమెరాలు, ప్లగ్గులు, దూరపు పరికరాలను 2.4 మీద పెట్టడం మంచి పంపకం. చాలా రౌటర్లు రెండు పట్టీలకూ ఒకే పేరు పెడతాయి. స్మార్ట్ ప్లగ్గు కలపడంలో ఇబ్బంది వస్తే కాసేపు 5ను ఆపి, కలిపాక తిరిగి తెరవచ్చు.

మెట్ట ప్రాంతపు ఇళ్లలో మూడు తరాల కట్టడాలు పక్కపక్కనే కనిపిస్తాయి. మందపాటి రాతి గోడల పాత ఇల్లు, ఇటుక గోడల మీద కాంక్రీటు శ్లాబు వేసిన దాబా, దాని మీద రేకుల గది. సున్నపురాయి నేల మీద సిమెంటు కర్మాగారాలున్న ఈ సీమలో కాంక్రీటుకు కొదవ లేదు. రేడియో తరంగానికి ఇటుక గోడ కొంత అడ్డు, రాతి గోడ ఎక్కువ అడ్డు, ఇనుప చువ్వల శ్లాబు ఇంకా ఎక్కువ. లోహం తరంగాన్ని తిప్పికొడుతుంది, నీరు మింగేస్తుంది. అందుకే ఇనుప బీరువా వెనక, టీవీ వెనక, నీళ్ల ట్యాంకు పక్కన రౌటర్ పెట్టకూడదు. ఫైబర్ తీగ ఏ కిటికీ నుంచి లోపలికి వస్తే అక్కడే మేకు కొట్టి పెట్టె తగిలించడం మామూలు. ఆ పెట్టె సిగ్నల్‌లో సగం వీధికి పోతుంది. ఇంకో పది మీటర్ల తీగ అడిగి, ఇంటి నడుమ, మనిషి ఎత్తున, నలువైపులా ఖాళీ ఉన్నచోట పెట్టించుకోవడం పెద్ద ప్లాన్ కొనడం కన్నా చౌక, మేలు.

సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలతలో చూపే ఉచిత యాప్‌లు ఫోనులో దొరుకుతాయి. రుణ సంఖ్యల్లో ఉంటుంది కాబట్టి సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బలం. మైనస్ 50 చాలా బాగు, మైనస్ 70 బొటాబొటి, మైనస్ 80 దాటితే తెగిపోతుంది. ప్రతి 10 అంకెల తేడా అంటే బలంలో పది రెట్ల తేడా.

పెద్ద ఇంటికి ఒక రౌటర్ చాలనప్పుడు మూడు మార్గాలున్నాయి. రిపీటర్ చౌక, కానీ విన్న మాటనే మళ్లీ చెబుతుంది కాబట్టి అదే చానెల్ మీద వేగం దాదాపు సగానికి పడుతుంది. మెష్ పెట్టెలు తమలో తాము మాట్లాడుకుని ఇల్లంతా ఒకే పేరుతో నడుస్తాయి, ఖరీదు ఎక్కువ. మూడోది లాన్ వైరు లాగి మేడ మీద రెండో రౌటర్ పెట్టడం. లాన్ వైరు 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, వేగం తగ్గదు. ఇలా పెట్టిన రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా మార్చాలి. అలా మార్చకపోతే రెండు పెట్టెలూ విడివిడిగా చిరునామాలు పంచుతాయి, కింది ప్రింటర్ పైవాళ్లకు కనపడదు. రాతి గోడల ఇళ్లకు ఈ మూడో మార్గమే నమ్మకమైనది. టీవీ, డెస్క్‌టాప్ వంటి కదలనివాటిని వైరుకే తగిలిస్తే గాలిలో వంతులు తగ్గి ఫోన్లకు మేలవుతుంది.

పరికరాలు ఎన్ని రకాలు

2020లో కరోనా కాలపు ఆన్‌లైన్ తరగతులు, ఇంటి నుంచి ఉద్యోగం ఫోనుకు పరిమితమైన నెట్‌ను ఇంటికి తెచ్చాయి. ఇప్పుడు ఫోన్లు, టీవీలతో పాటు ఏసీ, కెమెరా, మేడ మీది సోలార్ ఇన్వర్టర్ కూడా వైఫై అడుగుతున్నాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద పెట్టే ఇన్వర్టర్లు ఉత్పత్తి లెక్కను వైఫై ద్వారానో సిమ్ ద్వారానో పంపుతాయి. ఇన్వర్టర్ మేడ మీద ఉంటే శ్లాబు అడ్డు గుర్తుంచుకోవాలి. ఇది పంపేది కొద్ది సమాచారమే, 2.4 పట్టీ చాలు. పొలంలో మోటారును ఇంటి నుంచి వేసే మొబైల్ స్టార్టర్లు సిమ్ మీద నడుస్తాయి. ఇంటి వైఫై ఊరు దాటి పొలం దాకా రాదు.

భద్రత

తొలి వైఫై తాళానికి డబ్ల్యుఈపీ అని పేరు. 2001లోనే పరిశోధకులు దాన్ని ఛేదించారు. 2004లో డబ్ల్యుపీఏ2, 2018లో డబ్ల్యుపీఏ3 వచ్చాయి. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబయిలోని ఒక ఇంటి తాళం వేయని వైఫై ద్వారా వెళ్లిందని దర్యాప్తులో తేలింది. ఆ ఇంటివారి కనెక్షన్ మీదుగా వెళ్లింది కాబట్టి పోలీసులు మొదట తట్టింది వారి తలుపే. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో లోబరచుకుని పెద్ద వెబ్‌సైట్లను కూలదోసింది.

చేయవలసిన పనులు కొన్నే. వైఫై పాస్‌వర్డ్‌ను ఫోను నంబరుగా ఉంచకూడదు. రౌటర్ సెట్టింగుల పాస్‌వర్డ్ వేరు, దాన్నీ మార్చాలి. బటన్ నొక్కి కలిపే డబ్ల్యుపీఎస్‌లో పిన్ పద్ధతి బలహీనమని 2011లో తేలింది కాబట్టి ఆపేయాలి. చుట్టాలకు, కెమెరాలకు గెస్ట్ నెట్‌వర్క్ ఇస్తే ఇంటి కంప్యూటర్లు వేరుగా ఉంటాయి. డబ్బు పోయిన సైబర్ మోసమైతే 1930కి వెంటనే ఫోను చేయాలి.

కరెంటు

రౌటర్ సాధారణంగా 12 వోల్టుల మీద నడుస్తుంది. 10 వాట్లు తింటే రోజుకు పావు యూనిట్, నెలకు ఏడు యూనిట్లు. కరెంటు పోయి ఇన్వర్టర్‌కు మారే క్షణంలో రౌటర్ ఆగి తిరిగి లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. చిన్న 12 వోల్టుల యూపీఎస్ ఆ మధ్య కాలాన్ని నింపుతుంది. ఫైబర్‌లోని గాజు పోగు పిడుగు విద్యుత్తును మోయదు. అడాప్టరూ, మేడ మీది లాన్ వైరూ మోస్తాయి. ఉరుములు మొదలైతే ఆ రెండింటినీ పీకడం మేలు.

నెట్ నెమ్మదించిందని ఆపరేటర్‌కు ఫోను చేసే ముందు రౌటర్ పక్కనే నిలబడి ఒకసారి వేగం కొలవండి, తర్వాత వెనక గదిలో కొలవండి. పక్కన పూర్తి వేగం వస్తూ వెనక గదిలో రాకపోతే, కనెక్షన్‌ను కాదు, రౌటర్ చోటును మార్చాలి.